ఎస్సెస్ 304 ఫ్లాంజిలో ఆరో రంధ్రానికే బిట్టు కాలిపోతోంది: బిట్టు మార్చాలా, పద్ధతి మార్చాలా?

భీమవరం వర్క్‌షాపు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం.

భీమవరం దగ్గర మాకు చిన్న వర్క్‌షాపు ఉంది. రొయ్యల చెరువుల్లో తిరుగుతూ నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు షాఫ్టు ఫ్లాంజిలు (షాఫ్టుకు బోల్టులతో బిగించే గుండ్రటి పళ్లేలు), కప్లింగులు చేసి ఇస్తుంటాము. ఇంతకాలం ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఇనుము) ప్లేటుతోనే చేశాము. ఉప్పునీటి చెరువుల రైతులు రెండు పంటలు తిరిగేసరికే ఫ్లాంజిని తుప్పు తినేస్తోందని అంటుండడంతో ఈ ఏడాది ఎస్సెస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు మారాము. ప్లేటు మందం 20 మి.మీ. ఒక్కో ఫ్లాంజికి ఆరు రంధ్రాలు వేసి, ఆరింటిలోనూ ఎం12 మర (12 మి.మీ. బోల్టు పట్టే గాట్లు) కోయాలి. అందుకని 10.2 మి.మీ. మామూలు హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్టు వాడుతున్నాము.

ఎమ్మెస్‌లో ఒకసారి సానపట్టిన బిట్టుతో అరవై, డెబ్బై రంధ్రాలు వేసేవాళ్లము. ఎస్సెస్‌లో మొదటి రంధ్రం అరటిబోదెలో కత్తి దిగినట్టు దిగుతుంది. రెండు, మూడు కూడా పరవాలేదు. ఐదో రంధ్రం దగ్గర కీచుమని అరుపు మొదలవుతుంది, ఆరోది సగంలో ఉండగా బిట్టు ఇక దిగనంటుంది. హ్యాండిలు మీద ఎంత బరువు వేసినా తీగలాంటి చిప్పు రావడం మానేసి నీలం రంగు పొడి మాత్రమే వస్తుంది. బిట్టు తీసి చూస్తే బయటి మూలలు రెండూ గుండ్రంగా అరిగి ఉంటాయి, రంధ్రం అడుగు స్టీలు కంచంలా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు మీద కొత్త బిట్టు పెట్టినా అది జారుతున్నదే తప్ప కోయడం లేదు.

కొలతలు కూడా నిలకడగా లేవు. వెర్నియర్‌తో చూస్తే రంధ్రం పైమూతి దగ్గర 10.5 మి.మీ., అడుగున 10.15 మి.మీ. వస్తోంది. అడుగుకు వెళ్లేసరికి మర కోసే ట్యాపు బిగుసుకుని విరిగిపోతోంది. గత వారంలో నాలుగు ట్యాపులు పోయాయి, రెండు ఫ్లాంజిలలో విరిగిన ముక్క అలాగే ఉండిపోయింది.

మాది బెల్టు పుల్లీల పిల్లర్ డ్రిల్లింగ్ మెషిను. ఇప్పుడు నిమిషానికి 710 చుట్ల మీద వేస్తున్నాము, అన్నింటికన్నా తక్కువ వేగం 480. ముందు 5 మి.మీ. బిట్టుతో దారి వేసి, తరువాత 10.2 దింపుతాము. ఖరీదైన ప్లేటు కదా అని చేత్తో నెమ్మదిగా, మూడు నాలుగు మి.మీ.లకు ఒకసారి పైకెత్తుతూ దింపుతున్నాము. మూతకు చిల్లు పెట్టిన సీసాతో తెల్ల కూలెంటు (చల్లబరచడానికి నూనె కలిపిన నీళ్లు) పోస్తుంటాము. ఒక్కో రంధ్రానికి ఒక నిమిషం దాకా పడుతోంది. సామాను అమ్మే షాపులో కోబాల్టు కలిసిన, వేడికి ఎక్కువ ఓర్చే బిట్టు కొనమంటున్నారు. దాని ధర రెండింతలకు పైగా ఉంది. కొనేముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని అడుగుతున్నాను.


తణుకు మాస్టారు:

కోబాల్టు బిట్టు సంగతి తరువాత చూద్దాము. ఇప్పుడున్న పద్ధతిలో అది కూడా ఆరుకు బదులు పది రంధ్రాల దగ్గర కాలుతుంది, డబ్బు మాత్రం రెండింతలు పోతుంది. మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన మాట "నెమ్మదిగా" అన్నది. మీ బిట్టును చంపుతున్నది ఆ నెమ్మదితనమే.

304 గట్టి లోహం కాదు. మెత్తగా, బాగా సాగే లోహం. అయితే మెత్తనిదంతా సులువుగా తెగుతుందని అనుకోకూడదు. ఈ రకం స్టెయిన్‌లెస్ స్టీలును నొక్కి, రుద్ది, సాగదీసిన కొద్దీ నొక్కుడు పడిన పొర గట్టిపడుతుంది. బిట్టు అంచు లోహంలోకి దిగి ముక్కను కోస్తే ఆ గట్టిపడిన పొర చిప్పుతో పాటు బయటకు వచ్చేస్తుంది. అంచు దిగకుండా పైన రుద్దితే పొర అక్కడే ఉండిపోయి తరువాతి చుట్టులో అంచుకు ఎదురు నిలుస్తుంది. మీరు చూసిన స్టీలు కంచం మెరుపు ఆ పొరే. మన వైపు బొండాలు కొట్టేవాడిని చూడండి. కత్తి ఎత్తి ఒక్క వేటు వేస్తాడు. అదే కత్తితో భయపడుతూ చిన్న చిన్న దెబ్బలు వేస్తే పచ్చి పీచు నలిగి చాపలా అణిగిపోతుందే కానీ తెగదు.

ఇప్పుడు మీ లెక్కే తీసుకుందాము. 20 మి.మీ. మందానికి బిట్టు ముక్కు పొడవు సుమారు 3 మి.మీ. కలిపితే 23 మి.మీ. దిగాలి. పైకెత్తిన సమయం తీసేసి కోతకు 40 సెకన్లు పట్టిందనుకున్నా, 710 చుట్ల వేగంలో ఒక్కో చుట్టుకు దిగినది 0.05 మి.మీ. మాత్రమే. బిట్టుకు కోత అంచులు రెండు కాబట్టి ఒక్కో అంచు వాటా 0.025 మి.మీ. కాస్త మొద్దుబారిన అంచు గుండ్రదనం కూడా దాదాపు అంతే ఉంటుంది కనుక అక్కడ కోత జరగదు, ఇస్త్రీ జరుగుతుంది. ఈ వ్యాసం బిట్టుకు 304లో చుట్టుకు 0.15 మి.మీ. అయినా ఉండాలి.

వేగం విషయంలో తప్పు ఇందుకు తిరగబడి ఉంది. 10.2 మి.మీ. బిట్టు 710 చుట్లు తిరిగితే బయటి మూల నిమిషానికి సుమారు 23 మీటర్లు నడుస్తుంది. ఎమ్మెస్‌కు అది సరిపోతుంది. 304కు హెచ్ఎస్ఎస్ బిట్టుతో సుమారు 10 నుంచి 15 మీటర్లే ఉండాలి. ఎమ్మెస్‌లో పుట్టిన వేడిని చిప్పు, ప్లేటు కలిసి లాగేసుకుంటాయి. 304 ఉష్ణవాహకత ఎమ్మెస్‌లో మూడో వంతు మాత్రమే కాబట్టి వేడి కోత అంచు దగ్గరే పోగవుతుంది. హెచ్ఎస్ఎస్ సుమారు 600 డిగ్రీల వరకు గట్టిదనం నిలుపుకుంటుంది, ఆ పైన మెత్తబడుతుంది. బిట్టులో అన్నింటికన్నా వేగంగా నడిచేది బయటి మూల కనుక ముందు కాలేదీ అదే. మూల అరిగిన బిట్టు అడుగుకు వెళ్లేకొద్దీ సన్నని రంధ్రం వేస్తుంది. మీ 10.15 అక్కడి నుంచి వచ్చింది.

వేగానికి, బిట్టు ఆయుష్షుకు ఉన్న సంబంధాన్ని అమెరికా ఇంజనీరు ఎఫ్. డబ్ల్యూ. టేలర్ 1907లో సూత్రంగా ప్రచురించారు. అందులోని ఘాతాంకం హెచ్ఎస్ఎస్‌కు 0.125 దగ్గర ఉంటుంది. వేగాన్ని 20 శాతం పెంచితే ఆయుష్షు నాలుగో వంతుకు పడిపోతుందని దాని అర్థం. విద్యార్థులకు ఈ లెక్క బోర్డు మీద వేసి చూపినప్పుడు సగం మంది నమ్మేవారు కాదు, వర్క్‌షాపులో ఒక బిట్టు కాల్చిన తరువాత నమ్మేవారు.

కాబట్టి బెల్టును 480కి మార్చండి. కోత మొదలయ్యాక ఎక్కడా ఆగవద్దు, ఒత్తిడి తగ్గించవద్దు. చుట్టుకు 0.15 చొప్పున 23 మి.మీ. దిగడానికి 480 చుట్ల మీద 19 సెకన్లు పడుతుంది. గోడ గడియారం చూస్తూ 20 సెకన్లలో అవతలికి వచ్చేలా చేయి అలవాటు చేసుకోండి. 20 మి.మీ. లోతు 10.2 బిట్టుకు రెండు వ్యాసాలే కనుక మధ్యలో పైకెత్తవలసిన అవసరం లేదు. చిప్పు తీగ మరీ పొడవైతే ఒక్కసారి పూర్తిగా బయటకు తీసి, వెంటనే అదే ఒత్తిడితో మళ్లీ దింపండి. రంధ్రంలోనే గాలిలో తిరగనివ్వడం అన్నిటికన్నా చెడ్డది.

5 మి.మీ. దారి రంధ్రం కూడా మానేయండి. దాని గోడ అప్పటికే గట్టిపడి ఉంటుంది, పెద్ద బిట్టు అంచులు సరిగ్గా అక్కడి నుంచే కోత మొదలుపెట్టాలి. సెంటర్ పంచ్ కూడా తేలికగా ఒక్క దెబ్బ చాలు. నాలుగు దెబ్బలు కొడితే ఆ గుంట అడుగు కూడా గట్టిపడుతుంది.


పాలకొల్లు టర్నర్:

మాస్టారి మాటలు నూటికి తొంభై పాళ్లు ఒప్పుకుంటాను. దారి రంధ్రం దగ్గర మాత్రం చిన్న అభ్యంతరం ఉంది.

మామూలు 118 డిగ్రీల బిట్టు ముక్కున, రెండు కోత అంచుల మధ్య చిజిల్ ఎడ్జ్ అనే అడ్డు గీత ఉంటుంది. నడి మధ్యలో వేగం సున్నా కాబట్టి ఆ గీత కోయదు, లోహాన్ని పక్కలకు నెట్టుకుంటూ దిగుతుంది. మనం హ్యాండిలు మీద వేసే బరువులో సగానికి సగం ఈ గీతకే పోతుంది. దారి రంధ్రం లేకుండా చుట్టుకు 0.15 దింపాలంటే చిన్న పిల్లర్ మెషినులో బల్ల కిందికి వంగుతుంది, బిట్టు వాలి మూతి పెద్దదవుతుంది. అలాగని దారి వేయాలంటే ఆ గీత పొడవుకు సరిపడా, అంటే 2 మి.మీ. దగ్గర వేయాలి. 20 మి.మీ. ఎస్సెస్‌లో 2 మి.మీ. బిట్టు సగం దారిలోనే విరుగుతుంది.

ఈ రెండింటికీ విరుగుడు సాన దగ్గరే ఉంది. గ్రైండింగ్ వీలు మూలతో ఆ అడ్డు గీతను రెండు వైపుల నుంచి తగ్గించి, మూడో వంతు మిగలనివ్వండి. వెబ్ (బిట్టు గాడుల మధ్య ఉండే నడి భాగం) పలుచన చేయడం అని దీనినే అంటారు. చేత్తో కుదరకపోతే 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ బిట్టు కొనుక్కోండి, అది ఫ్యాక్టరీలోనే అలా చేసి వస్తుంది, పంచ్ గుర్తు మీద జారకుండా నిలుస్తుంది.

మీ పైమూతి 10.5 రావడానికి ఇంకో కారణం సానపట్టడంలోని తేడా అయి ఉంటుంది. ఒక కోత అంచు రెండోదానికన్నా పొడవుగా ఉంటే బిట్టు మధ్య బిందువు పక్కకు జరిగి, రంధ్రం బిట్టుకన్నా లావుగా వస్తుంది. గేజి లేకపోయినా ఇది తెలుసుకోవచ్చు. బిట్టు దిగుతున్నప్పుడు రెండు గాడుల నుంచీ ఒకే మందపు తీగ చుట్టలు చుట్టుకుంటూ రావాలి. ఒక గాడిలో తీగ, రెండో గాడిలో పొట్టు వస్తున్నదంటే పని అంతా ఒక అంచే చేస్తున్నట్టు, రెండోది ఊరకే వెంట తిరుగుతున్నట్టు లెక్క. అప్పుడే ఆపి మళ్లీ సానపట్టండి. అంచు వెనుక వాలు 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. సాన మీద బాగా వేడెక్కిన బిట్టును చన్నీళ్లలో ముంచకండి, కంటికి కనిపించని పగుళ్లు పడి తరువాతి రంధ్రంలో అంచు రాలిపోతుంది. అరిగిన మూల పూర్తిగా పోయేదాకా పొడవు తీసేయాలి. రెండు మి.మీ. మిగుల్చుకుందామని చూస్తే పదును నిలవదు.

ట్యాపుల విషయంలో ఒక మాట. ఎం12 సాధారణ మరకు 6హెచ్ అనే ప్రామాణిక కొలత హద్దుల ప్రకారం లోపలి వ్యాసం 10.106 నుంచి 10.441 మి.మీ. వరకు ఉండవచ్చు. 10.2కు బదులు 10.3 బిట్టు తీసుకుంటే కొలత లోపలే ఉంటారు, ట్యాపు మీద భారం తగ్గుతుంది. ఎస్సెస్‌లో ఆ పదో వంతు మిల్లీమీటరే ట్యాపును కాపాడుతుంది.


అమలాపురం మెకానిక్:

మా షెడ్డులో ఎస్సెస్‌కు ట్యాపు వేసేటప్పుడు కొబ్బరి నూనె పూస్తాము. ట్యాపు మెత్తగా తిరుగుతుంది. ఇది సరైన పద్ధతేనా, లేక కోనసీమ వాళ్లం కనుక చేతికి అందినది పోస్తున్నామా?


తణుకు మాస్టారు:

నవ్వుకోవలసిన ప్రశ్న కాదండి. ట్యాపు వేసేటప్పుడు వేగం తక్కువ, రాపిడి ఎక్కువ. అక్కడ చల్లబరచడం కన్నా జారుడు ముఖ్యం. కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాలు లోహానికి పట్టుకుని పలుచని పొరగా నిలుస్తాయి కాబట్టి అది పనిచేస్తుంది. పూర్వం విదేశాల్లో పందికొవ్వు నూనెను ఇదే పనికి వాడేవారు. అయితే 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కనుక ధనుర్మాసం పొద్దుల్లో సీసా ఎండలో పెట్టుకోవాలి. గంధకం కలిసిన కటింగ్ ఆయిల్ దీనికన్నా మేలు. దానిని రాగి, ఇత్తడి ముక్కల మీద మాత్రం పోయకండి, నల్లబడతాయి. పాత ఇంజను ఆయిల్ మాత్రం ఎవరూ వాడవద్దు. అందులోని మసి, లోహపు నలుసు అంచును అరగదీస్తాయి, చేతుల చర్మానికీ అది మంచిది కాదు.

పాలకొల్లు మిత్రుడు వెబ్ గురించి చెప్పినది సరైన దిద్దుబాటు. దారి రంధ్రం మానమన్నాను గానీ చిన్న మెషినులో దాని బదులు ఏం చేయాలో చెప్పలేదు.


నరసాపురం బోటు వర్క్:

కూలెంటు గురించి ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. తెల్ల కూలెంటు ఏ నీళ్లతో కలుపుతున్నారు? మన డెల్టా చివరి ఊళ్లలో బోరు నీరు ఉప్పన. ఆ నీళ్లలో సాల్యుబుల్ ఆయిల్ సరిగా కలవదు, నూనె పైకి తేలిపోయి కింద ఉత్త ఉప్పునీరు మిగులుతుంది. మెషిను బల్ల తుప్పు పట్టడం అందుకు మొదటి గుర్తు. మేము తాగునీటి క్యాన్ల నీళ్లతోనే కలుపుతాము, పది పాళ్ల నీళ్లకు ఒక పాలు నూనె. నీళ్లలో నూనె పోయాలి, నూనెలో నీళ్లు పోయకూడదు.

ఇంకొకటి. ఎస్సెస్ అలవాటు చేతిలో పెట్టుకుని మా దగ్గరి గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్షులకు రావద్దు. అక్కడ కథ తిరగబడుతుంది. పదునైన బిట్టు గన్‌మెటల్‌ను తనంతట తానే లాక్కుని స్క్రూలా దూసుకుపోతుంది, వైస్‌లో గట్టిగా బిగించకపోతే ముక్క గిర్రున తిరిగి చేతికి తగులుతుంది. దానికి కోత అంచు ముందు భాగాన్ని సానరాయితో కాస్త చదును చేసుకోవాలి. ఆ బిట్టును మళ్లీ ఎస్సెస్‌కు వాడకూడదు. మేము దాని మొదట్లో ఎర్ర రంగు పూసి వేరే డబ్బాలో పెడతాము.


భీమవరం వర్క్‌షాపు (రెండు వారాల తరువాత):

అందరికీ కృతజ్ఞతలు. చేసినవి చేసినట్టు రాస్తున్నాను.

మొదట ఏమీ కొనకుండా, పాత హెచ్ఎస్ఎస్ బిట్టునే మూల పూర్తిగా పోయేదాకా సానపట్టి, వెబ్ తగ్గించి, 480 మీద పెట్టాను. మా కుర్రాడు గడియారం చూస్తూ సెకన్లు లెక్కపెట్టాడు. మొదటి రంధ్రం 31 సెకన్లు పట్టింది. చేయి భయపడుతోందని నాకే అర్థమైంది. నాలుగో రంధ్రానికి 21 సెకన్లకు వచ్చాను. అరుపు లేదు. నీలం పొడి లేదు. రెండు గాడుల నుంచీ లేత గోధుమ రంగు తీగలు సమానంగా వచ్చాయి. అదే పదునుతో 19 రంధ్రాలు వేశాను. ఇరవయ్యో దానికి అరుపు మొదలవగానే ఆపి చూస్తే మూల దగ్గర సన్నని మెరుపు గీత కనిపించింది.

తరువాత 10.3 మి.మీ. కోబాల్టు స్ప్లిట్ పాయింట్ బిట్టు ఒకటి తెచ్చాను. బిట్టు మీద ఎం35 అని ఉంది, అది కోబాల్టు కలిసిన హెచ్ఎస్ఎస్ రకం పేరు. మోటారు వైపు 60 మి.మీ. పుల్లీ తీసి, మా లేతు మీదే 50 మి.మీ.ది తిప్పి వేశాను, ఇప్పుడు 400 చుట్లు వస్తోంది. కటింగ్ ఆయిల్‌ను బ్రష్షుతో పూస్తున్నాను. ఇప్పటికి 54 రంధ్రాలు అయ్యాయి, ఇంకా సానపట్టలేదు. మూతి 10.36, అడుగు 10.32. ఒక్క ట్యాపూ విరగలేదు.

మిగిలిన సమస్య అడుగున వచ్చే బర్రు. బిట్టు అవతలికి వచ్చే చోట కిరీటంలా అంచు లేచి నిలుస్తోంది, ఫైలుతో తీయడానికి రంధ్రం వేసిన దానికన్నా ఎక్కువ సమయం పడుతోంది. కింద ఒక ఎమ్మెస్ ముక్క పెట్టి బిగిస్తే తగ్గింది. అలా పెట్టవచ్చునా? విరిగిన ట్యాపులున్న రెండు ఫ్లాంజిలను ఏం చేయాలో కూడా చెప్పగలరు.


పాలకొల్లు టర్నర్:

సాగే లోహం అడుగున చివరి పలుచని పొర తెగేముందు వంగిపోతుంది, ఆ వంగినదే బర్రు. కింద ఆసరా ఉంటే వంగడానికి చోటుండదు. ముక్క పెట్టడం మంచిదే, ఎమ్మెస్ మాత్రం వద్దు. దాని నలుసు ఎస్సెస్‌లో నాటుకుని, చెరువులో దిగిన పది రోజులకే ఎర్రమచ్చలు వస్తాయి, రైతు మీరు నకిలీ ఎస్సెస్ ఇచ్చారంటాడు. అల్యూమినియం ముక్కో, పనికిరాని ఎస్సెస్ ముక్కో పెట్టండి. ఎమ్మెస్ తోమిన వైర్ బ్రష్షు, ఎమ్మెస్ రుద్దిన గ్రైండింగ్ వీలు కూడా ఈ ఫ్లాంజిల మీద వాడవద్దు. మిగిలిన కొద్ది బర్రును ఫైలుతో కాకుండా 90 డిగ్రీల కౌంటర్‌సింక్‌తో, తక్కువ వేగంలో, రెండు వైపులా 12.5 మి.మీ. వరకు తీసేయండి. ట్యాపు కూడా నిటారుగా మొదలవుతుంది.

పుల్లీ 50కి తగ్గించారు కదా, బెల్టు ఆ చిన్న చుట్టు మీద ఎక్కువ వంగి త్వరగా పగుళ్లిస్తుంది. ఒక బెల్టు అదనంగా కొని ఉంచుకోండి.


తణుకు మాస్టారు:

విరిగిన ట్యాపును బిట్టుతో తీయాలని చూడకండి, అది బిట్టుతో సమానమైన గట్టిదనం ఉన్న లోహం. స్పార్క్ ఎరోజన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని కొరికే) మెషిను ఉన్నచోట ఇస్తే శుభ్రంగా తీస్తారు, కానీ ఒక్క ఫ్లాంజి కోసం ఆ ఖర్చు గిట్టదు. ఫ్లాంజి రంధ్రాల కేంద్రాల మీదుగా పోయే వృత్తం వ్యాసం ఎంత?


భీమవరం వర్క్‌షాపు:

110 మి.మీ. మాస్టారూ.


తణుకు మాస్టారు:

అయితే విభజన గుర్తులను 30 డిగ్రీలు జరిపి, పాత రంధ్రాల మధ్యన కొత్తగా ఆరు వేయండి. పాతదానికి, కొత్తదానికి మధ్య కేంద్రాల దూరం 28 మి.మీ. పైనే వస్తుంది, మరలు పోను 16 మి.మీ. లోహం మిగులుతుంది. రైతుకు అమ్మవద్దు. మీ సొంత చెరువు ఉంటే దాని ఏరేటరుకు బిగించుకోండి.